నాచు విత్తనానికి ఎంత వెలుతురు?

ప్రశ్న: తుపాన్ల కాలంలో కప్పాఫైకస్ అనే ఎర్ర సముద్రపు నాచు విత్తనాన్ని (మళ్లీ నాటే కొమ్మ ముక్కల్ని) షెడ్డులో 500 లీటర్ల ట్యాంకులో దాస్తున్నాం. ఎరుపు-నీలం ఎల్‌ఈడీలు రోజుకు 20 గంటలు వెలుగుతున్నాయి. అయినా కొమ్మల చివర్లు తెల్లబడుతున్నాయి. లైటు చాలడం లేదా?
– ఒక పాఠకుడు, ఉప్పాడ

జవాబు: చాలకపోవడం కాదు, ఎక్కువై ఉంటుంది. టైమర్ పెట్టి 12 గంటలకు తగ్గించండి. మీ ఎరుపు-నీలం లైట్ల ఊదారంగు వెలుతురులో లక్స్ మీటరు (వెలుతురు కొలిచే పరికరం) ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్మి లైట్లు కిందికి దించితే నాచు మాడుతుంది. మామూలు తెల్ల ఎల్‌ఈడీలే మేలు. ఎర్ర నాచుల్లోని ఫైకోఎరిత్రిన్ అనే రంగు పదార్థం ఆకుపచ్చ కాంతినీ వాడుకుంటుంది, అది మీ లైట్లలో లేనే లేదు. నీటి మట్టం దగ్గర 3,500 లక్స్‌తో మొదలుపెట్టి, వారంలో మెల్లగా 7,000కు పెంచండి.

తెల్లబడిన చోట వేలితో నొక్కి చూడండి. మెత్తగా విరిగితే ఐస్-ఐస్ తెగులే. ఆ ముక్కను పచ్చి భాగం వరకు కోసి పారేయండి, ట్యాంకులో వదలొద్దు. గాలి పైపు అడుగున పెట్టి నాచు నెమ్మదిగా దొర్లేలా చేస్తే వెలుతురు ఎప్పుడూ ఒకే కొమ్మ మీదే పడదు.

ఉప్పునూ గమనించండి. పదో వంతు నీరు ఆవిరైతే 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35 భాగాల ఉప్పు) కాస్తా 39 అవుతుంది. తగ్గిన నీటిని క్లోరిన్ లేని మంచినీళ్లతోనే నింపాలి, సముద్రపు నీళ్లతో కాదు.

లైట్ల డ్రైవర్లు (ఎల్‌ఈడీలకు కరెంటు అందించే పెట్టెలు) ట్యాంకు మీద వేలాడదీయకండి. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) లేకుండా ఉప్పునీటి దగ్గర కరెంటు వద్దేవద్దు.