బేకర్స్ ఈస్ట్‌తోనా, క్యారెట్ ముక్కలతోనా? కీటోన్ నుంచి కైరల్ ఆల్కహాల్ తీసేటప్పుడు ఎక్కడ తేడా కొడుతుంది

మీ ప్రశ్న ఇది: ప్రాజెక్టులో ఇథైల్ ఎసిటోఎసిటేట్, ఎసిటోఫినోన్ రెండింటినీ జీవ ఉత్ప్రేరకాలతో రిడ్యూస్ చేసి (కీటోన్‌కి హైడ్రోజన్ చేర్చి) కైరల్ ఆల్కహాల్స్, అంటే అద్దంలో బొమ్మల్లాంటి రెండు రూపాల్లో ఉండగలవి, తీయాలి. ఈస్ట్‌తో చేస్తే యీల్డ్ 20 శాతం దగ్గరే ఆగిపోతోంది, ఎక్స్‌ట్రాక్షన్‌లో పొరలు విడిపోవడం లేదు, రొటేషన్ (ప్రోడక్టు ధ్రువిత కాంతిని తిప్పే కోణం) పుస్తకంలో ఉన్నంత రావడం లేదు. క్యారెట్‌కి మారితే బాగుపడుతుందా?

సగం బాగుపడుతుంది. ఇథైల్ ఎసిటోఎసిటేట్‌కి ఈస్ట్‌నే ఉంచండి. ఎసిటోఫినోన్‌ని మాత్రం క్యారెట్‌కి మార్చండి. ఇథైల్ ఎసిటోఎసిటేట్ లాంటి బీటా-కీటో ఎస్టర్‌లో కార్బొనిల్ చురుకైనది, ఈస్ట్ దాన్ని తేలిగ్గా అందుకుంటుంది. ఎసిటోఫినోన్‌తో అదే ఈస్ట్ నీరసంగా నడుస్తుంది. పైగా మోతాదు పెరిగితే ఆ కీటోనే కణాలకి విషం.

ముందు ఒక మాట. ఈస్ట్‌ని సోడియం బోరోహైడ్రైడ్‌లా ఒక రియేజెంట్ అనుకుని లెక్క వేస్తే మొత్తం తప్పుతుంది. ఆ కణంలో కీటోన్‌ని రిడ్యూస్ చేసే ఎంజైములు చాలా ఉంటాయి, కొన్ని ఎస్ ఆల్కహాల్ ఇస్తాయి, కొన్ని దాని అద్దం బొమ్మ అయిన ఆర్ ఇస్తాయి. హైడ్రైడ్ ఇచ్చేది కణంలోని ఎన్ఏడీపీహెచ్ అనే సహ ఎంజైము. అది ఖర్చైపోతే దాన్ని మళ్ళీ తయారు చేసుకోవడానికే కణానికి చక్కెర కావాలి. మీ పని కణాన్ని బతికించి ఉంచడం, కావలసిన ఎంజైముకి మాత్రమే అందేలా కీటోన్‌ని వడ్డించడం.

ఇథైల్ ఎసిటోఎసిటేట్‌కి ఆర్గానిక్ సింథసిసెస్ అనే ప్రచురణలో జేబాక్ బృందం ఇచ్చిన పద్ధతి గట్టిది. దాన్ని నాలుగో వంతుకి తగ్గించి చెబుతాను. రెండు లీటర్ల ఫ్లాస్కులో 400 మి.లీ. కుళాయి నీళ్ళు, 75 గ్రా. చక్కెర, 50 గ్రా. తాజా ముద్ద ఈస్ట్ ఈ వరసలోనే కలుపుతూ వేయండి. పొడి ఈస్ట్ అయితే 17 గ్రా. చాలు, ముందు గోరువెచ్చటి నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టాలి. 30 డిగ్రీల దగ్గర గంటసేపు కలిపాక బుడగలు జోరుగా రావాలి. రాకపోతే ఈస్ట్ చచ్చిందని అర్థం, కీటోన్ వేసి లాభం లేదు. వస్తే 5 గ్రా. ఎస్టర్ వేసి, గది ఉష్ణోగ్రత దగ్గర 24 గంటలు కలపండి. తర్వాత 50 గ్రా. చక్కెరని 250 మి.లీ. నీళ్ళలో కరిగించి, 40 డిగ్రీల వేడి మీద పోయండి. గంట ఆగి ఇంకో 5 గ్రా. ఎస్టర్ వేసి, మరో 50–60 గంటలు వదలండి. ఫ్లాస్కుకి బబ్లర్ పెట్టాలి, బిరడా బిగించకూడదు. వేసిన 125 గ్రా. చక్కెర పూర్తిగా పులిస్తే 36 లీటర్ల దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. నురుగు పొంగుతుంది కాబట్టే అంత పెద్ద ఫ్లాస్కు.

రియాక్షన్ ఎంతవరకు వచ్చిందో చూడటానికి జీసీ (గ్యాస్ క్రోమాటోగ్రఫీ) దొరక్కపోతే ఫెర్రిక్ క్లోరైడ్ చాలు. ఒక మి.లీ. మిశ్రమాన్ని కొద్దిగా ఈథర్‌తో లాగి, ఈథర్ ఎగరగొట్టి, మిగిలినదాన్ని ఇథనాల్‌లో కరిగించి ఒక శాతం ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేయండి. ఇథైల్ ఎసిటోఎసిటేట్ ఈనాల్ రూపం వల్ల ఊదా రంగు వస్తుంది. ప్రోడక్టుకి ఆ రంగు రాదు. టీఎల్‌సీలో (పలచని పొర క్రోమాటోగ్రఫీలో) ప్రోడక్టు యూవీ కింద కనబడదు కాబట్టి ప్లేటుని ఎనిసాల్డిహైడ్ రంగు ద్రావణంలో ముంచి వేడి చేయాలి. చాలామంది యూవీ దీపం కింద చూసి ఏమీ రాలేదని పారబోస్తారు.

ఇప్పుడు మీ 20 శాతం సంగతి. ఈ పద్ధతిలో సాధారణంగా వచ్చేది 59–76 శాతం, అంటే మీ మోతాదుకి 6 నుంచి 7.7 గ్రా. అంత తేడా ఉందంటే రియాక్షన్ కంటే వర్కప్‌నే, అంటే ప్రోడక్టుని బయటికి తీసే పనినే, ముందు అనుమానించాలి. ప్రోడక్టు అయిన ఇథైల్ 3-హైడ్రాక్సీబ్యుటనోయేట్ నీళ్ళలో బాగా కరుగుతుంది. పులిసిన నీళ్ళలో పది శాతం దాకా ఇథనాల్ కూడా ఉండి దాన్ని ఇంకా పట్టి ఉంచుతుంది. ఉప్పుతో సంతృప్తం చేయకుండా ఒకటి రెండుసార్లు లాగితే సరుకంతా నీళ్ళలోనే ఉండిపోతుంది. వంద మి.లీ. నీటికి 36 గ్రా. ఉప్పు లెక్కన 650 మి.లీ.కి 230 గ్రా. పైనే పడుతుంది. అడుగున కరగని ఉప్పు కనబడేదాకా వేయాలి. తర్వాత 125 మి.లీ. చొప్పున ఐదుసార్లు ఈథర్.

రెండో నష్టం రోటరీ ఎవాపొరేటర్ దగ్గర. బాత్ 35 డిగ్రీలు దాటకూడదు, పూర్తిగా ఎండేదాకా వాక్యూమ్ లాగకూడదు. ఈ ప్రోడక్టు 12 మి.మీ. పీడనం దగ్గర 71–73 డిగ్రీలకే మరుగుతుంది. 60 డిగ్రీల బాత్, మంచి పంపు ఉంటే సగం సరుకు ట్రాప్‌లోకి పోతుంది. ఇథనాల్ కూడా ఈథర్‌తో పాటు వస్తుంది కాబట్టి క్రూడ్ (శుద్ధి చేయని సరుకు) బరువుని నమ్మి యీల్డ్ రాయకండి, డిస్టిల్ చేసి రాయండి. మూడోది, ఈస్ట్‌లోని ఎస్టరేజులు. అవి కీటో ఎస్టర్‌ని విడగొడితే ఎసిటోఎసిటిక్ ఆమ్లం వచ్చి, అది కార్బన్ డయాక్సైడ్ వదిలి ఎసిటోన్‌గా మిగులుతుంది. రియాక్షన్ అయిపోయాక కూడా వారాంతం అంతా ఫ్లాస్కు నడిపితే ఎస్టరేజుల వల్ల నష్టం పెరుగుతుంది.

పొరలు విడిపోనివ్వని ఎమల్షన్‌కి మూలం పగిలిన కణాల ప్రొటీన్లు. కణాలు ఉండగా సెపరేటరీ ఫన్నెల్‌లో పోయనే కూడదు. పోసి ఊపితే మజ్జిగ చిలికినట్టే, ఇక పొర కనబడదు. మొత్తం మిశ్రమంలోనే 20 గ్రా. సీలైట్ (ఫిల్టర్‌కి తోడ్పడే పొడి) కలిపి, ఆ తర్వాత ఫిల్టర్ చేయండి. ఒట్టి ఫిల్టర్ మీద పోస్తే ఈస్ట్ జిగురుగా పేరుకుని ఐదు నిమిషాల్లో చుక్క పడటం ఆగిపోతుంది. కేకుని 50 మి.లీ. నీళ్ళతో కడిగి ఆ నీళ్ళనీ కలపండి. సెంట్రిఫ్యూజ్ ఉంటే దానికి మించింది లేదు. ఫన్నెల్‌ని ఊపవద్దు, నెమ్మదిగా పది పన్నెండుసార్లు తలకిందులు చేయండి. అయినా మధ్యలో తెల్లటి పొర నిలబడితే, ఆ పొరని మాత్రమే తీసి కొత్త సీలైట్ మీదుగా వాక్యూమ్‌లో లాగితే విరుగుతుంది. ఇథైల్ ఎసిటేట్ ఇక్కడ ఈథర్ కంటే ఎక్కువ ఏడిపిస్తుంది. ఈథర్ వాడేటప్పుడు మంట, స్పార్క్ దగ్గర ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

రొటేషన్ విషయానికి వద్దాం. పైన చెప్పిన పద్ధతికి క్లోరోఫాంలో గాఢత 1.3 దగ్గర +37.2 రావాలి. శుద్ధమైన ఎస్ ఐసోమర్‌కి 43.5 అనుకుంటే అది 85 శాతం ఈఈ (ఒక రూపం రెండో దానికంటే ఎంత శాతం ఎక్కువ ఉందో చెప్పే కొలత). మీకు +25 వచ్చిందనుకోండి, వెంటనే ఈఈ 57 అని రాసేయకండి. మిగిలిపోయిన కీటో ఎస్టర్, ఇథనాల్ రెండూ రొటేషన్‌ని పలచన చేస్తాయి. ముందు జీసీలో శుద్ధత, తర్వాతే పోలారిమీటర్. ఈఈ తేల్చాలంటే సైక్లోడెక్స్‌ట్రిన్ కాలమ్ మీద కైరల్ జీసీ, లేదా మోషర్ ఎస్టర్ (ఒక కైరల్ ఆమ్లంతో జత చేసినది) చేసి ఎన్ఎంఆర్. ఏది చేసినా పక్కన బోరోహైడ్రైడ్‌తో చేసిన రేసిమిక్ (రెండు రూపాలూ సమంగా ఉన్న) నమూనా ఉండాలి. రెండు శిఖరాలు అసలు విడిపోతాయని చూపకుండా ఒకే శిఖరం చూపిస్తే ఎవరూ ఒప్పుకోరు.

ఈఈ నిజంగానే తక్కువైతే మందు మోతాదులో ఉంది. ఎస్ ఇచ్చే ఎంజైము కొద్దిపాటి కీటోన్‌ని కూడా గట్టిగా పట్టుకుంటుంది. ఆర్ ఇచ్చేవి కీటోన్ ఎక్కువైతేనే పనిలోకి దిగుతాయి. 400 మి.లీ.లో 5 గ్రా. ఒక్కసారి వేయడమంటే లీటరుకి 12.5 గ్రా. గాఢతతో మొదలుపెట్టడమే. లీటరుకి ఒక గ్రాముకి మించకుండా ఉంచగలిగితే ఈఈ 95 దాటుతుంది. అందుకు సిరంజి పంపుతో గంటకి 0.2 మి.లీ. చొప్పున ఎక్కించడం తేలిక మార్గం. పంపు లేకపోతే 3,5-డైనైట్రోబెంజోయేట్ చేసి క్రిస్టలైజ్ చేసి ఈఈ పెంచుకోవచ్చు, కానీ ఆ పని వేరే ప్రాజెక్టంత ఉంటుంది. నన్నడిగితే పంపు వెతుక్కోండి.

ఎసిటోఫినోన్‌కి క్యారెట్. 2002లో హైదరాబాద్ ఐఐసీటీలో (భారత రసాయన సాంకేతిక పరిశోధన సంస్థలో) జె.ఎస్. యాదవ్ బృందం పలు కీటోన్లని క్యారెట్ దుంపతో రిడ్యూస్ చేసి చూపింది. దుంప తాజాగా, గట్టిగా ఉండాలి. మెత్తబడింది పనికిరాదు. కడిగి, చెక్కు తీసి, పలచని హైపోక్లోరైట్‌లో కొద్ది నిమిషాలు ఉంచి, కాచి చల్లార్చిన నీళ్ళతో బాగా కడగండి. అర సెంటీమీటరు ముక్కలు కోయండి. మిక్సీలో వేయకండి. కణాలు చితికితే ఎన్ఏడీపీహెచ్‌ని తిరిగి తయారు చేసే యంత్రాంగం పోతుంది, పాలీఫినాల్ ఆక్సిడేజులు బయటపడి మొత్తం గోధుమరంగుకి తిరుగుతుంది. 100 మి.గ్రా. కీటోన్‌కి 20 గ్రా. ముక్కలు, 70 మి.లీ. నీళ్ళు, 150 ఆర్‌పీఎమ్ షేకర్, 25–30 డిగ్రీలు, 48 గంటలు. కీటోన్‌ని అర మి.లీ. ఇథనాల్‌లో కరిగించి వేస్తే నీళ్ళలో తేలిగ్గా కలుస్తుంది. పారా స్థానంలో నైట్రో లాంటి ఎలక్ట్రాన్ లాగే గ్రూపు ఉంటే వేగం పెరుగుతుంది, మెథాక్సీ ఉంటే తగ్గుతుంది.

పని అయ్యాక ముక్కల్ని పారేయకండి. ప్రోడక్టు కొంత వాటిలోనే ఉంటుంది, వాటిని కూడా ఇథైల్ ఎసిటేట్‌తో కడగాలి. ఎక్స్‌ట్రాక్టు కెరోటిన్‌తో నారింజ రంగులో వస్తుంది. సిలికా కాలమ్ మీద ఒట్టి హెక్సేన్ పోస్తే ఆ రంగు ముందే దిగిపోతుంది. తర్వాత 10–15 శాతం ఇథైల్ ఎసిటేట్ కలిపితే ముందు కీటోన్, వెనకాల ఆల్కహాల్. రంగు పోకుండా పోలారిమీటర్‌లో పెడితే కాంతి సరిగా దాటదు, అంకె ఊగుతూనే ఉంటుంది.

వచ్చేది ఎస్ ఆల్కహాల్, రొటేషన్ గుర్తు మైనస్. ప్రెలాగ్ నియమం ప్రకారం హైడ్రైడ్ ఏ వైపు నుంచి వస్తుందో ముందే చెప్పొచ్చు. కానీ ఆల్ఫా-క్లోరోఎసిటోఫినోన్ తీసుకుంటే అదే వైపు దాడికి ఆర్ అనే పేరు వస్తుంది. ఎంజైము మనసు మార్చుకోలేదు, ఆర్, ఎస్ పేర్లు పెట్టే ప్రాధాన్య క్రమంలో క్లోరోమిథైల్ గ్రూపు ఫినైల్‌ని దాటింది, అంతే.

క్యారెట్ మీద వచ్చే మొదటి అభ్యంతరం, పని చేసింది దుంపా, దాని మీది బాక్టీరియానా అని. మూడు ఫ్లాస్కులు పక్కన పెడితే జవాబు దొరుకుతుంది. ఒకటి ఉడికించిన ముక్కలతో. ఇంకొకటి కీటోన్ లేకుండా, దుంప నుంచి వచ్చే మరకల్ని గుర్తుపట్టడానికి. మూడోదానికి ముక్కల్ని నీళ్ళలో 24 గంటలు ఊపి, తీసేసి, మిగిలిన నీళ్ళలో మాత్రమే కీటోన్ వేయండి. ఇందులో ఆల్కహాల్ వస్తే స్టెరిలైజేషన్ సరిపోలేదని, లేదా కణాల నుంచి ఎంజైము బయటికి కారుతోందని. ఆ నీళ్ళనే 0.2 మైక్రాన్ ఫిల్టర్ దాటించి మళ్ళీ చూస్తే రెంటిలో ఏదో తేలుతుంది.

క్యారెట్ పద్ధతిని గ్రాముల్లోకి పెంచాలని చూడకండి. గ్రాము కీటోన్‌కి 200 గ్రా. దుంప, 700 మి.లీ. నీళ్ళు, దానికి తగ్గ సాల్వెంట్. గ్రాములు కావాలంటే విడిగా దొరికే కీటోరిడక్టేజ్‌ని (కీటోన్‌ని రిడ్యూస్ చేసే ఎంజైముని), ఎన్ఏడీపీహెచ్‌ని తిరిగి తయారు చేసే గ్లూకోజ్ డీహైడ్రోజినేజ్‌తో జత చేయడం మంచిది. అప్పుడు గ్లూకోనిక్ ఆమ్లం పుట్టి పీహెచ్ పడిపోతుంది, బేస్ చుక్కలుగా వేస్తూ 7 దగ్గర నిలపాలి.