టేబుల్ బయటికి తీయడం గుమాస్తా పని కాదు

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ప్రాజెక్టు కోసం సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాడు. రెండు వారాలుగా అందులో వచ్చే ఫలితాల టేబుళ్లను ఫైళ్లలోకి కాపీ చేసుకోవడంతోనే సరిపోతోంది. తోటివాళ్లంతా డేటా సైన్స్ నేర్చుకుంటున్నారు. ఈ గుమాస్తా పని మాన్పించి వాణ్ణీ అందులో చేర్పించమంటారా? రెండింట్లో ఏది మేలు?

జవాబు: ఏది మేలని అడిగారు గానీ, అందరూ ఎక్కుతున్న బండి మావాడికి తప్పిపోతుందేమోనన్నదే మీ అసలు భయం. ఇదే భయంతో నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులకు లెక్కలేదు. మీవాడు వెనకబడలేదండీ. ముందు ఆ మాట నమ్మండి.

గుమాస్తా పని అన్నారే, అది నాకు నచ్చలేదు. వాడి ముందు అని ఉంటే ఇవాళే వెనక్కి తీసుకోండి. లెక్క కంప్యూటర్ చేస్తుంది, నిజమే. ఆ లెక్క బయటికొచ్చేటప్పుడు చెడిపోకుండా చూసుకోవాల్సింది మనిషే. లోపల సాధారణంగా ఒక్కో సంఖ్యను 15 అంకెల దాకా పట్టి ఉంచుతుంది. ఎక్స్‌పోర్ట్‌లో, అంటే ఫైలుగా బయటికి తీసేటప్పుడు, దాన్ని నాలుగైదు అంకెలకు కుదిస్తే, దగ్గరదగ్గరగా ఉన్న రెండు ఉష్ణోగ్రతల తేడా సున్నా అయిపోవచ్చు. కాలమ్ పేరు పక్కన యూనిట్ లేకపోతే అది మీటరో మిల్లీమీటరో నెల తిరిగేసరికి రాసినవాడికే గుర్తుండదు. ఎక్సెల్ షీటులో 10,48,576 వరసలే పడతాయి. అంతకన్నా పెద్ద ఫైలును అందులో తెరిచి అదే పేరుతో సేవ్ చేశాడా, మిగతాది పోయినట్టే.

నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇంకొకటుంది. చాలా సాల్వర్లు, అంటే సిమ్యులేషన్‌లో లెక్క కట్టే ప్రోగ్రాములు, కాలాన్ని సమానంగా కోయవు. మార్పు వేగంగా ఉన్నచోట టైమ్ స్టెప్‌లు (లెక్క కట్టే క్షణాలు) దగ్గరగా, నెమ్మదిగా ఉన్నచోట దూరంగా వేస్తాయి. 10 సెకన్ల సిమ్యులేషన్‌లో సగం వరసలు మొదటి సెకనుకే ఉండొచ్చు. ఆ కాలమ్‌కు నేరుగా సగటు కడితే, పదో వంతు కాలానికి సగం బరువు ఇచ్చినట్టు. కోర్సు ముగించి వచ్చినవాడు ఒక్క లైను కోడ్‌తో ఆ సగటు తీసేస్తాడు. అంకె చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ తప్పు. ముందు సమాన వ్యవధులకు మార్చుకోవాలని తట్టేది ఆ టేబుల్ ఎలా పుట్టిందో తెలిసినవాడికే.

కొద్ది నెలల డేటా సైన్స్ కోర్సుల మీద నా అనుమానమంతా ఇదే. అక్కడ చాలాసార్లు శుభ్రం చేసిన టేబుల్‌నే పిల్లల చేతికిస్తారు. అది ఎక్కడిది, ఎవరు కొలిచారు, ఏ వరస ఎందుకు లేదు అని అడిగే అలవాటే రాదు. స్టాటిస్టిక్స్ లోతుగా చదివినవాళ్ల సంగతి వేరు, వాళ్లంటే నాకు గౌరవం. కానీ మీరు ఆ చదువు గురించి అడగడం లేదు. పక్కింటివాళ్లు చేరారని అడుగుతున్నారు. పిల్లవాడి ఇష్టమేమిటో మీ ప్రశ్నలో ఒక్క ముక్కా లేదు, గమనించారా?

పోలిక అడిగారు కాబట్టి చెబుతున్నాను: డేటా సైన్స్‌లో తలుపులు ఎక్కువ, తోసుకునేవాళ్లూ ఎక్కువే. సిమ్యులేషన్‌లో తలుపులు తక్కువ, కానీ సబ్జెక్టు వచ్చినవాణ్ణి అంత తేలిగ్గా వదులుకోరు.

ఇక రెండు వారాలు పట్టడం మాత్రం ఎక్కువే. చేత్తో కాపీ చేస్తున్నట్టున్నాడు. ఆ పని దానంతటదే చేసే చిన్న ప్రోగ్రాము, స్క్రిప్టు రాయమనండి. వాడేది అబాకస్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ అయితే, దాని ఫలితాల ఫైలును పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతోనే చదవొచ్చు. మ్యాట్‌ల్యాబ్ సాఫ్ట్‌వేర్ అయితే టేబుల్‌ను ఫైలులో రాసే రైట్‌టేబుల్ అనే ఫంక్షన్ ఉంది. కామ్‌సాల్ అనే మరో సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ రాసే టెక్స్ట్ ఫైలు మొదట్లో శాతం గుర్తుతో కొన్ని వరసలుంటాయి. చదివేటప్పుడు వాటిని దాటేయాలి గానీ చెరిపేయకూడదు, కాలమ్‌ల వివరం ఉండేది అక్కడే. స్క్రిప్టు ఒకసారి కుదిరితే, మోడల్ మార్చిన ప్రతిసారీ నిమిషాల్లో పని అయిపోతుంది. పైగా, డేటా సైన్స్ కోర్సులో మొదట నేర్పేదీ చాలాచోట్ల ఆ పైథానే.

కోర్సు సంగతి ప్రాజెక్టు అప్పగించాక, వాడే వచ్చి అడిగితే మాట్లాడుకుందాం.