మూడింటికే చీకటి పడితే

ప్రశ్న: స్టాక్‌హోమ్‌లో ఉంటున్నాను. డిసెంబరులో మధ్యాహ్నం 3 గంటల్లోపే పొద్దు గుంకుతుంది. మూడేళ్లుగా చలికాలమంతా నిద్రమత్తు, దిగులు. ఎంత అన్నం తిన్నా చాలదు. మా వారు బద్ధకమంటారు. వెలుగు చికిత్స పనిచేస్తుందా?

జవాబు: బద్ధకం కాదమ్మా, ఆ మాట మనసులోంచి తీసేయండి. 1984లో మానసిక వైద్యుడు నార్మన్ రోసెంతాల్ బృందం వివరించిన రుతుసంబంధ కుంగుబాటు లక్షణాలివే. వెలుగు చికిత్స చాలామందికి పనిచేస్తుంది. 10,000 లక్స్ (వెలుగు తీవ్రతకు కొలత) వెలుగునిచ్చే, అతినీలలోహిత కిరణాలను వడగట్టే దీపం కొనండి. ఇంట్లో బల్బుల వెలుగు సాధారణంగా కొన్ని వందల లక్స్ మించదు. లేచిన గంటలోపు మూరెడు దూరంలో పెట్టుకుని అరగంట కూర్చోండి. దీపాన్నే చూడనక్కర్లేదు, కళ్లు తెరుచుకుని కాఫీ తాగండి, పేపరు చదవండి. సాయంత్రం వాడితే నిద్ర చెడుతుంది. ఒకటి రెండు వారాలు ఓపిక పట్టండి. కంటి జబ్బు, బైపోలార్ (మితిమీరిన ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే మానసిక జబ్బు) ఉంటే మాత్రం వైద్యుణ్ని అడగకుండా మొదలుపెట్టవద్దు. చనిపోవాలనిపిస్తే దీపం కోసం ఆగకండి, ఆ రోజే వైద్యుణ్ని కలవండి.