టెక్ సందేహాలు: గ్రాంటుకు గడువు ఏ రోజు?

ప్రశ్న: హనుమకొండలో డిగ్రీ కాలేజీ అధ్యాపకురాలిని. కొత్తవాడ జంపఖానాల నేతపై ప్రాజెక్టుకు ఐసీఎస్‌ఎస్‌ఆర్‌ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి)తో పాటు మరో రెండు చోట్ల దరఖాస్తు చేయాలి. పోయినసారి ఫారమంతా నింపినా సంతకం అందక గడువు దాటిపోయింది. తేదీలు గుర్తుచేసే మంచి యాప్ చెప్పండి.

జవాబు: యాప్ కోసం డబ్బు పెట్టకండి మేడమ్. గూగుల్ షీట్ ఒక్కటి చాలు, కానీ అందులో ఏం రాస్తారన్నది ముఖ్యం. చాలామంది నోటిఫికేషన్‌లోని చివరి తేదీ ఒక్కటే రాసుకుంటారు. మీ పని ఆగింది సంతకం దగ్గర. అందుకే ఒక్కో దరఖాస్తుకు మూడు తేదీలు రాయండి: పోర్టల్ మూసే రోజు, సంతకంతో కాలేజీ ఇచ్చే ఆమోద లేఖ (ఎండార్స్‌మెంట్) మీ చేతికి రావాల్సిన రోజు, దానికోసం మీరు ఆఫీసులో ఫైలు ఇవ్వాల్సిన రోజు. మీ అసలు గడువు ఆ మూడోదే. పక్కనే ‘ఫైలు ఎవరి దగ్గరుంది’ అని ఇంకో కాలమ్ పెట్టండి. ఎవరిని అడగాలో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

తేదీలు కొట్టే ముందే ఫైల్ మెనూలోని సెట్టింగ్స్‌లో లొకేల్ (ఏ దేశం పద్ధతి అన్నది) ‘ఇండియా’ అని ఉందో లేదో చూడండి. అమెరికా అని ఉంటే 05/06 అని మీరు జూన్ 5 కోసం రాసింది మే 6 అయిపోతుంది. 13/06 అని రాస్తే అసలు తేదీగానే తీసుకోదు. తర్వాత లొకేల్ మార్చినా అప్పటికే తప్పుగా పడ్డ తేదీలు సరికావు.

మిగిలిన రోజులు లెక్కపెట్టడానికి నెట్‌వర్క్‌డేస్ డాట్ ఐఎన్‌టీఎల్ (NETWORKDAYS.INTL) ఫార్ములా వాడండి. వారాంతం దగ్గర 11 అని ఇస్తే ఆదివారాలను మాత్రమే తీసేస్తుంది. సెలవుల జాబితా కూడా ఇవ్వొచ్చు. బతుకమ్మ, దసరా సెలవుల్లో గడువు పడితే దీని విలువ తెలుస్తుంది. క్యాలెండర్లో పోర్టల్ మూసే రోజుతో పాటు ఫైలు ఇచ్చే రోజు కూడా పెట్టండి. రిమైండర్ మామూలుగా అరగంట ముందే మోగుతుంది, దాన్ని వారం ముందుకు మార్చుకోండి.

మీ కాలేజీ సైన్స్ అధ్యాపకులకూ ఒక మాట చెప్పండి. సైన్స్ పరిశోధనలకు గ్రాంట్లిచ్చే ఎస్‌ఈఆర్‌బీ, 2023 చట్టంతో వచ్చిన ఏఎన్‌ఆర్‌ఎఫ్ (అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్)లో కలిసిపోయింది. పాత ఫార్మాట్లలో ప్రపోజల్ రాయడం మొదలుపెడితే శ్రమంతా వృథా.

ప్రశ్న: జగిత్యాల నుంచి రాస్తున్నాను. జానపద గేయాల సేకరణపై తెలుగులో ప్రపోజల్ అను ఫాంట్‌లో టైపు చేయించాను. పోర్టల్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వస్తున్నాయి.

జవాబు: అను ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను చూపిస్తాయి. ఆ ఫాంట్ లేని చోట గందరగోళమే కనిపిస్తుంది. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి, అంటే ఎక్కడైనా తెలుగుగానే కనిపించే పద్ధతిలోకి మార్చుకోండి. మార్చాక ఒత్తులు, రావత్తులు ఉన్న ప్రతి పదాన్నీ కళ్లారా చదవండి, అక్కడే తేడాలు వస్తాయి. పాటల్లోని యాస మాటల్ని మరీ జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే వాటిని సరిచూసే స్పెల్‌చెక్ ఏదీ మీకు సాయపడదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పోర్టల్ బాక్సులో అక్షరాల పరిమితి ఉంటే తెలుగు త్వరగా నిండిపోతుంది. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. యూనికోడ్‌లో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి ఆరు. కాబట్టి సారాంశాన్ని మొదటి నుంచే క్లుప్తంగా రాసుకోండి. ఇకపై టైపు చేసేవారిని యూనికోడ్‌లోనే చేయమని అడగండి. విండోస్‌లో తెలుగు కీబోర్డు ఉచితంగానే ఉంది.

ప్రశ్న: మంచిర్యాల నుంచి. గ్రాంటు మంజూరైంది. ఇక గడువులు రాసుకునే షీట్ అవసరం లేదు కదా?

జవాబు: అభినందనలు! షీట్ అవసరం ఇప్పుడే మొదలైంది. కేంద్ర గ్రాంట్లకు డబ్బు దేనికి వాడారో చెప్పే వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి, సంస్థలకైతే అది జీఎఫ్ఆర్ 12-ఏ ఫారం. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, ఆ తేదీనీ షీట్‌లో రాసుకోండి. బిల్లు వచ్చిన రోజే ఫొటో తీసి, ఫైలు పేరును 2025-07-14 తరహాలో సంవత్సరంతో మొదలుపెట్టండి. అప్పుడు డ్రైవ్‌లో పేర్ల వరుసలో పెడితే చాలు, తేదీల వారీగా వాటంతటవే సర్దుకుంటాయి. థర్మల్ కాగితంపై వచ్చిన బిల్లుల అచ్చు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది, ముందు వాటి ఫొటోలు తీయండి.