వారానికి మూడు రోజులే పని... మిగతా రోజుల జీతం మాటేమిటి?

ప్రశ్న: నూలు మిల్లులో ఆరేళ్లుగా పర్మినెంటు కార్మికుణ్ని. మొత్తం 120 మందిమి ఉన్నాం. సరుకు అమ్ముడుపోక గోదాములో పేరుకుపోయిందని, రెండు నెలలపాటు వారానికి మూడు రోజులే పని ఇస్తామంటున్నారు. మిగతా రోజులు మిల్లుకు రానక్కర్లేదని, జీతమూ ఉండదని చెప్పి కాగితాల మీద సంతకాలు అడుగుతున్నారు. ఇది చెల్లుతుందా?

జవాబు: పని తగ్గించడం చెల్లుతుంది. జీతం మొత్తం ఎగ్గొట్టడం చెల్లదు.

నిల్వలు పేరుకుపోవడం, కరెంటు లేకపోవడం, ముడిసరుకు కొరత, యంత్రాలు పాడవడం వంటి కారణాలతో తాత్కాలికంగా పని ఇవ్వలేకపోతే దాన్ని లేఆఫ్ అంటారు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న ఈ రక్షణ, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. సీజనల్ కాని, కనీసం 50 మంది పనిచేసే ఫ్యాక్టరీలో ఏడాది సర్వీసు నిండినవారికి లేఆఫ్ రోజులకు మూలవేతనం, డీఏ (కరువు భత్యం) కలిపి అందులో సగం ఇవ్వాలి. ఆ రెండూ రోజుకు 600 రూపాయలైతే మీకు 300 వస్తాయి. వారపు సెలవుకు రాదు. మూలవేతనం తక్కువ చూపి భత్యాలు పెంచిన పే స్లిప్పుల అసలు రంగు ఇలాంటప్పుడే బయటపడుతుంది. లేఆఫ్‌కు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నిబంధన కనీసం 300 మంది ఉన్న సంస్థలకే కాబట్టి మీ మిల్లుకు వర్తించదు.

‘రానక్కర్లేదు’ అన్న మాటను మాత్రం నోటిమాటగా నమ్మకండి. లేఆఫ్‌లో ఉన్న కార్మికుడు రోజుకు ఒకసారైనా పనివేళల్లో హాజరు కాకపోతే పరిహారం పోతుంది. అందుకే లేఆఫ్‌లోనూ మస్టర్ (హాజరు పట్టీ) ఉంచడం యాజమాన్యం బాధ్యత. షిఫ్టు వేళకు వెళ్లండి, సంతకం చేయండి. రెండు గంటల్లోపు పని చూపకపోతే ఆ రోజు లేఆఫ్ కిందికే వస్తుంది. షిఫ్టు రెండో సగానికి రమ్మని, తీరా వెళ్లాక పని లేదంటే ఆ సగానికి మూలవేతనం, డీఏ పూర్తిగా ఇవ్వాల్సిందే. సంతకం చేయనివ్వకపోతే, వచ్చి వెళ్లినట్టు అదే రోజు రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇక ఆ కాగితం. 12 నెలల్లో లేఆఫ్ 45 రోజులు దాటితే ఆపై పరిహారం ఇవ్వనక్కర్లేదన్న ఒప్పందాన్ని చట్టమే అనుమతిస్తోంది. మీరు చెప్పిన రెండు నెలల్లో లేఆఫ్ రోజులు 45కు చేరవు. కానీ గడువు పొడిగిస్తే చేరతాయి, అప్పుడు మీ సంతకమే మీకు అడ్డం వస్తుంది. నకలు తీసుకుని, యూనియన్‌కు గానీ న్యాయవాదికి గానీ చూపించాకే నిర్ణయించుకోండి. సగం జీతమూ ఇవ్వకపోతే పే స్లిప్పులు జతచేసి కార్మిక శాఖ అధికారికి ఫిర్యాదు చేయండి. నలుగురూ కలిసి చేస్తే మరీ మంచిది.