మందు మానేశాను, మరి డబ్బు ఏది?

ప్రశ్న: మాది కావలి పక్కన పల్లె. వయసు 36. రొయ్యల గుంటల దగ్గర ఏరేటర్లు (నీళ్లకు గాలి కలిపే మిషన్లు), మోటార్లు రిపేరు చేస్తాను. నెలకు 28 నుంచి 32 వేల దాకా వస్తుంది. పదేళ్లు రోజూ క్వార్టర్ తాగాను, ఆదివారమైతే ఇంకా ఎక్కువ. సోమవారం పనికి పోలేకపోయేవాణ్ని. నాలుగు నెలల కింద పూర్తిగా మానేశాను. 'ఇక నీకు డబ్బే డబ్బు' అన్నారందరూ. నెలాఖరుకు చూస్తే అకౌంట్లో ఏమీ ఉండటం లేదు. అంగడి బాకీ మాత్రం తీరింది. బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి 80,000 అప్పుంది. నా భార్య బంగారం బ్యాంకులో 1,50,000కు పెట్టాం. పాపకు ఎనిమిదేళ్లు, బాబుకు ఐదు. ఇంత కష్టపడి మానేశాను కదా, ఈఎంఐ మీద కొత్త బండి తీసుకుందామనుకుంటున్నా. తీసుకోవచ్చా సార్?

జవాబు: ముందుగా మీకు మనస్ఫూర్తిగా అభినందనలు. పదేళ్ల అలవాటును వదిలి నాలుగు నెలలు నిలబడటం ఎంత కష్టమో, ఆర్థిక సలహా కోసం నా దగ్గరకు వచ్చే కుటుంబాల్లో చూస్తూనే ఉన్నాను.

డబ్బు మిగల్లేదంటున్నారు. కానీ అంగడి బాకీ తీరిందని మీరే రాశారు. ఆ బాకీ తీర్చింది మీరు తాగని డబ్బే. ఖాతా పుస్తకంలో సరుకులు రాయించుకునే ఇల్లు ఇప్పుడు రొక్కం ఇచ్చి తెచ్చుకుంటోంది. అకౌంట్లో కనిపించదు కాబట్టి మీరు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. మీ భార్యను అడగండి, ఆమెకు పైసలతో సహా తెలిసి ఉంటుంది.

ఇక మిగతాది లెక్క వేద్దాం. క్వార్టర్ 150 అనుకుందాం. సోడా, వాటర్ ప్యాకెట్లు, పకోడీ, సిగరెట్లు కలిపి ఇంకో 80. రోజుకు 230, నెలలో 26 రోజులకు దాదాపు 6,000. 99 రూపాయల క్వార్టరే తాగేవాణ్ని అనొచ్చు మీరు. సీసా చౌకైతే పక్కన తినేది చౌక కాదు, పైగా చౌక అని ఇంకోటి తెప్పించుకుంటారు. నాలుగు ఆదివారాలకు తలా 500 చొప్పున 2,000 వేసుకుంటే మొత్తం 8,000. పనికి పోని సోమవారాల సంగతి వేరే. మీ సంపాదన ప్రకారం రోజుకు కనీసం వెయ్యి, అంటే నెలకు నాలుగు వేలు చేతికి రాకుండానే పోయేది. రెండూ కలిపితే నెలకు 12,000, ఏడాదికి 1,44,000. మీ భార్య బంగారం మీద ఉన్న అప్పుకు దాదాపు సమానం. ఈ లెక్క మీ ఇద్దరూ కలిసి కూర్చుని, మీ సొంత అంకెలతో ఒకసారి కాగితం మీద వేయండి.

మరి అదంతా ఎటు పోతోంది? మీ ఫోన్‌పే హిస్టరీ తీసి, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య కట్టినవి మాత్రం చూడండి. టీలు, బజ్జీలు, స్వీట్లు, పిల్లలకు చిప్స్, ఎవరికో వంద, ఎవరికో రెండొందలు. మందు మానిన కొత్తలో తీపి మీదికి మనసు పోవడం చాలామందిలో ఉండేదే, దానికి మిమ్మల్ని తప్పు పట్టను. అసలు విషయం ఏమిటంటే, తాగుడు డబ్బు ఏ రోజూ ఒక్కచోట 8,000గా లేదు. రెండొందలు రెండొందలుగా జేబులోంచి పోయేది. ఇప్పుడూ అలాగే పోతోంది, అంగడి మారింది అంతే. ఆ డబ్బుకు ఒక చోటు చూపించకపోతే మానేసిన ఫలం చేతికి రాదు.

ఇది మన నెల్లూరు జిల్లా ఆడవాళ్లకు ముప్పై ఏళ్ల కిందటే తెలుసు. మీకు దగ్గర్లోనే, కలిగిరి మండలం దూబగుంటలో 1992లో వర్ధినేని రోశమ్మ లాంటి ఆడవాళ్లు సారా అంగళ్లకు అడ్డం నిలబడ్డారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. ఉద్యమం గురించి అందరూ చెబుతారు. దాని వెనకే వచ్చిన పొదుపు లక్ష్మి గురించి తక్కువ చెబుతారు. రోజుకు ఒక్క రూపాయి, గ్రూపులో కూడబెట్టడం. సారాకు పోయే డబ్బును ఆపగానే దాన్ని దాచే చోటు కూడా వాళ్లే కట్టుకున్నారు. ఆర్థిక సలహాదారుగా ఇంతకన్నా మంచి పద్ధతి నాకు ఇంకోటి తెలియదు. మీరు చేయాల్సిందీ అదే. యూపీఐ, ఏటీఎం కార్డు లేని ఒక సేవింగ్స్ అకౌంట్ మీ భార్య పేరు మీద తెరవండి. రోజూ రాత్రి ఏడు గంటలకు, మీరు ఒకప్పుడు షాపు దారి పట్టే వేళకు, 270 రూపాయలు దానికి పంపండి. నెలకు ఒకేసారి 8,000 వేస్తానంటే నేను ఒప్పుకోను. రోజూ ఆ వేళకే మనసు లాగుతుంది, రోజూ ఆ వేళకే డబ్బు వెళ్లిపోవాలి.

సోమవారాల డబ్బు మాత్రం ఇంటి ఖర్చుకు, చేతి నిల్వకు వదిలేయండి. రొయ్యలకు వైట్‌స్పాట్ తెగులు వచ్చి గుంటలు ఎండగట్టిన నెలల్లో మీకు పని తగ్గుతుంది. అప్పుడు చేతిలో రూపాయి లేక పాత స్నేహితుల దగ్గర కూర్చునే పరిస్థితి రాకూడదు.

దాచిన 8,000 ఎక్కడికి పోవాలి? నేరుగా ఆ నూటికి రెండు రూపాయల అప్పుకు. ఏడాదికి 24 శాతం వడ్డీ అది. 24 శాతం రాబడి గ్యారంటీగా ఇచ్చే పథకం ఏ బ్యాంకులోనూ, ఏ పోస్టాఫీసులోనూ లేదు. వడ్డీ, అసలు కలిపి నెలకు 8,000 కడుతూ పోతే పన్నెండో నెలకు అప్పు తీరిపోతుంది. ఇచ్చినాయన 'అసలు అంతా ఒకేసారి తే' అనొచ్చు. పెద్దమనిషి ఎవరినైనా వెంటబెట్టుకుని వెళ్లి మాట్లాడండి. కట్టిన ప్రతిసారీ ప్రోనోటు వెనక తేదీతో చెల్లు రాయించుకోండి, ఫోన్లో దాన్ని ఫొటో తీసుకోండి. అంతా తీరిన రోజు నోటు వెనక్కి తీసుకోకుండా ఇంటికి రావద్దు. నోటి మాట మీద వదిలేసి రెండోసారి కట్టినవాళ్లను చూశాను.

మీ భార్య డ్వాక్రా గ్రూపులో ఉంటే, బ్యాంకు లింకేజీ అప్పు (గ్రూపుకు బ్యాంకు ఇచ్చే అప్పు) తెచ్చి ఇది తీర్చేద్దామని ఎవరైనా సలహా ఇస్తారు. వడ్డీ చాలా తగ్గే మాట నిజమే. అయినా ఈ ఏడాది వద్దంటాను. గ్రూపు అప్పు ఆమె పరువుతో ముడిపడి ఉంటుంది. ముందు ఏడాది నిలబడండి.

పాపకు ఎనిమిదేళ్లన్నారు కాబట్టి ఒక పని మాత్రం వాయిదా వేయొద్దు. సుకన్య సమృద్ధి ఖాతా పదేళ్లు నిండకముందే తెరవాలి. ఇప్పుడు 250 రూపాయలతో తెరిచి, ఏడాదికి 250 కట్టినా ఖాతా బతికే ఉంటుంది. అప్పు తీరాక పెంచుకోవచ్చు. ఈ మధ్య వడ్డీ 8.2 శాతం ఇస్తున్నారు, ప్రభుత్వం మూడు నెలలకోసారి రేటు సమీక్షిస్తుంది.

ఇక మీరు అడగనిది, నాకు అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది: బీమా. సంపాదించేది మీరొక్కరే, మీకేమైనా అయితే ఇద్దరు పిల్లలు. బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి (జీవిత బీమా), 20 రూపాయల సురక్షా బీమా (ప్రమాద బీమా) రెండూ ఈ వారమే రాయించండి, ఒక్కోదానికి 2 లక్షల కవరేజీ. టర్మ్ పాలసీకి (గడువులోపు మనిషి పోతేనే డబ్బు వచ్చే జీవిత బీమా) వెళ్లినప్పుడు ఫారంలో మద్యం గురించి అడుగుతారు. ఏజెంటు 'లేదని టిక్ పెట్టండి, ఏం కాదు' అంటాడు. పెట్టకండి. పదేళ్లు తాగాను, ఫలానా నెలలో మానేశాను అని ఉన్నదున్నట్టు రాయండి. లివర్ పరీక్షలు అడుగుతారు, ప్రీమియం కొంచెం పెరగొచ్చు, కొన్నాళ్లు ఆగమనీ అనొచ్చు. అబద్ధం రాస్తే, మొదటి మూడేళ్లలో ఏదైనా జరిగినప్పుడు కంపెనీ పాత ఆస్పత్రి కాగితాలు వెతికి క్లెయిమ్ ఆపేస్తుంది. అప్పుడు ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది మీ భార్య. ఆరోగ్య బీమాలో కూడా తాగుడు వల్ల వచ్చిన జబ్బుల చికిత్సకు డబ్బు రాదు. తాగి బండి నడిపి గుద్దుకుంటే మీ బండి రిపేరు క్లెయిమ్ రాదు, పైగా మొదటిసారి పట్టుబడితేనే 10,000 దాకా జరిమానా. ఈ నష్టాలన్నీ మీ నెత్తిన లేకుండా పోయాయి, అదీ లాభమే.

చదివే మిగతావాళ్లకు ఒక మాట. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగేవాళ్లు రాత్రికి రాత్రి ఒంటరిగా మానేయకూడదు. చేతులు వణకడం, చెమటలు, ఒక్కోసారి ఫిట్స్ దాకా వెళ్లి ప్రాణం మీదికి వస్తుంది. ముందు డాక్టరును కలవండి. మద్యం, మత్తు మానడానికి సాయం చేసే హెల్ప్‌లైన్ 14446కు గానీ, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు గానీ ఫోన్ చేయొచ్చు, డబ్బు ఖర్చు కాదు.

బండి సంగతి. ఈఎంఐ అంటే ఇంకో అప్పు, ఇప్పుడొద్దు. కానీ మీరు ఏదో ఒకటి మీకోసం కావాలనుకోవడం న్యాయమే, దాన్ని కొట్టిపారేయను. ఆదివారం ఖర్చు 2,000లోంచి 500 ఏ లెక్కా అడగకుండా మీ నలుగురికీ ఉంచుకోండి, తుమ్మలపెంట బీచికి పోయి రండి. ఆ మేరకు అప్పు ఒక నెల ఆలస్యంగా తీరినా పర్లేదు. ఆదివారం మధ్యాహ్నం ఖాళీగా ఉంటేనే మీకు ప్రమాదం. ప్రోనోటు చేతికొచ్చాక అదే 8,000 బంగారం మీదికి తిప్పండి, అది విడిపించాక బండి రొక్కానికే కొనొచ్చు. ఈలోపు బ్యాంకుకు వెళ్లి బంగారం రెన్యువల్ తేదీ ఎప్పుడో కనుక్కుని, ఆ తేదీకి వడ్డీ కట్టేలా చూసుకోండి. తేదీ దాటిపోతే వేలం నోటీసు వస్తుంది.