డెన్మార్క్ వెళ్తున్న మేనకోడలికి, పలకరింపుల గురించి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పైచదువుకు డెన్మార్క్‌లోని సోనర్‌బోర్ వెళ్తున్నావని, అక్కడివాళ్లను ఎలా పలకరించాలో నీకు రాయమని మీ అమ్మ చెప్పింది. కోపెన్‌హాగన్‌లో నేను ఉద్యోగం చేసిన పదకొండేళ్లలో పొరపాట్లు చేసి నేర్చుకున్న విషయం కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను.

ఉదయం నుంచి రాత్రి వరకు, చిన్నవాళ్లకైనా పెద్దవాళ్లకైనా, "హై" అన్న ఒక్క మాట సరిపోతుంది. సాధారణంగా సెలవు తీసుకునేటప్పుడు అదే మాటను రెండుసార్లు, "హై హై" అంటారు. ఈ తేడా తెలియక నేను మొదటి వారమంతా ఆఫీసులోకి అడుగుపెడుతూనే వెళ్లిపోతున్నవాడిలా "హై హై" అన్నాను. మర్యాద ఎక్కువగా చూపవలసిన చోట "గొడే" అనవచ్చు కానీ, నీ వయసువాళ్ల నోట అది అరుదుగా వినిపిస్తుంది.

ప్రొఫెసరును సార్ అని పిలవకు; పేరు పెట్టి పిలవడమే అక్కడి పద్ధతి. మన "నువ్వు", "మీరు" వంటి భేదం ఆ భాషలోనూ ఉన్నా, 1960, 70 దశకాల్లో "మీరు" దాదాపు కనుమరుగై, ఇప్పుడు ప్రధానంగా రాజకుటుంబంతో మాట్లాడేటప్పుడు మిగిలింది. నాకు పై అధికారిని పేరుతో పిలవడానికి నోరు రావడానికే చాలా నెలలు పట్టింది.

ఎవరింటికైనా విందుకు వెళ్తే, మనలాగా గుమ్మంలో అందరికీ కలిపి ఒక నమస్కారం పెట్టి కూర్చుంటే చాలదు. తెలియనివాళ్లున్న చోట, పిల్లలతో సహా ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, కళ్లలోకి చూస్తూ చేయి కలిపి, నీ పేరు చెప్పాలి. కరచాలనానికి అక్కడ ఎంత విలువ ఉందంటే, 2019 నుంచి పౌరసత్వం స్వీకరించే కార్యక్రమంలో దానిని చట్టమే తప్పనిసరి చేసింది. చట్టంతో చేతులు కలిపించడం నాకు నచ్చలేదనుకో, అది వేరే సంగతి.

నువ్వు అన్నిటికంటే జాగ్రత్తగా గుర్తుంచుకోవలసిన మాట "తక్ ఫొ సిస్ట్". క్రితంసారి కలిసినప్పటికి ధన్యవాదాలని దాని అర్థం. ఒక సహోద్యోగి తన ఇంటికి పిలిచి చక్కగా భోజనం పెడితే, ఆ రాత్రే నాలుగుసార్లు మెచ్చుకున్నాను కదా అని సోమవారం ఆయనను చూసి వట్టి "హై" అని ఊరుకున్నాను. ఆయన ఏమీ అనలేదు కానీ, మరొకరు నన్ను పక్కకు పిలిచి, ఆతిథ్యమిచ్చినవారు మళ్లీ ఎదురైనప్పుడు, అది కొన్ని వారాల తరవాతైనా సరే, ముందుగా ఈ మాట అనాలని చెప్పారు. మనకు అయినవాళ్లకు కృతజ్ఞతలు చెబితే వాళ్లను పరాయివాళ్లను చేసినట్టుంటుంది. అక్కడ చెప్పకపోతేనే ఆ పూటను మరిచిపోయినట్టుంటుంది. అలాగే భోజనం ముగించి లేచేటప్పుడు వడ్డించినవారికి "తక్ ఫొ మద్" అనాలి. చివరి దకారం ఎంత మెత్తగా పలుకుతారంటే నాకు చాలాకాలం అది లకారంలా వినిపించేది.

"ఎలా ఉన్నారు" అనే అర్థంలో "వొడాన్ గో డే" అని పరిచయస్థులనే అడుగు, అడిగాక ఆగి జవాబు విను. దుకాణంలో డబ్బు తీసుకునేవారికి "హై" చాలు.

ఇక నువ్వు ఉండబోయే ఊరికి ప్రత్యేకమైన మాట ఒకటుంది. 1864 యుద్ధం తరవాత జర్మన్ల చేతికి పోయి, 1920 ప్రజాభిప్రాయ సేకరణతో తిరిగి వచ్చిన ఆ దక్షిణ జట్లాండ్‌లో కలిసినప్పుడూ, సెలవు తీసుకునేటప్పుడూ "మొయిన్" అంటారు. సరిహద్దుకు అవతల ఉత్తర జర్మనీలోనూ దాదాపు ఇదే మాట వినిపిస్తుంది. సోనర్‌బోర్‌లో దిగిపోతూ బస్సు డ్రైవరుతో ఆ మాట అని చూడు. స్నేహితుల దగ్గర సెలవు తీసుకునేటప్పుడు మాత్రం "వి సేస్" అను. మళ్లీ కలుద్దామని దాని అర్థం కనుక, "వెళ్తున్నాను" అనకుండా "వెళ్లొస్తాను" అనడం అలవాటైన నీకు అది నేర్చుకోవడం కష్టం కాదు.

ఇట్లు,
మీ మామయ్య